గృహనిర్వహణము: ఫ్రిజ్జు క్రింద నీరు

సభాపర్వములో మయుడు నిర్మించిన సభను చూడవచ్చిన సుయోధనుడు స్ఫటికపు నేలను నీరని తలంచి వలువలెత్తి పట్టుకొనెను; పిదప నీటిని నేలయనుకొని యడుగుపెట్టి కొలనిలో కూలెను. ఆ పాటును చూచి నవ్విన నవ్వు కురుక్షేత్రము దాక పోయినది. మన వంటిండ్లకు మయుడు రాడు. అయినను తెల్లవాఱుజామున దీపము వెలిగింపక కాఫీకి నీళ్లు పెట్టవచ్చు ముసలమ్మకు, ఫ్రిజ్జు ముందఱ పలుచగా పఱచుకొనిన నీరు నేలవలెనే కనబడును. అక్కడ జాఱిన కాలు నవ్వుతో తీరదు. తుంటియెముక విఱిగినచో ఇల్లంతయు నెలల తరబడి మంచము చుట్టు తిరుగవలసి వచ్చును.

వానకాలము వచ్చినది మొదలు మా పేజీ చదువు సోదరీమణులలో కొందఱు ఈ నీటిని గుఱించియే వ్రాయుచున్నారు. "ఫ్రిజ్జు పాడైపోయినదా? క్రొత్తది కొనవలెనా?" యని యొకరు, "మెకానిక్కు వచ్చి చూచి పోయెను, మఱునాడు మరల నీరే" యని మఱియొకరు. వారికి బదులు వ్రాయుటకు ముందు మా యింట జరిగిన సంగతి చెప్పుట న్యాయము. అందులో మా తప్పు కొంత కలదు గాన దాచుట తగదు.

మాది బాపట్ల ప్రాంతము. సముద్రపుగాలి తగులు నేల యగుటచే శ్రావణభాద్రపదములలో అప్పడములు డబ్బాలోనే మెత్తబడిపోవును. కడచిన శ్రావణమాసమున ప్రతి ఉదయము వంటింట ఫ్రిజ్జు ముందఱ చేరెడు నీళ్లు కనబడుచుండెను. మా యింట పాత్రలు తోముటకు, ఇల్లు తుడుచుటకు ఒక చిన్నది సాయంకాలము వచ్చి పోవును. ఆ నీళ్లు ఆమె తడిగుడ్డ పిండక తుడిచిన నీళ్లే యని మేము నిశ్చయించుకొంటిమి. ఒక దినము మందలించితిమి. రెండవ దినము గట్టిగానే అంటిమి. మూడవ దినము, "జీతము తీసికొనునప్పుడు చేతులు పొడిగానే యుండునే!" యని, నేడు తలచుకొనిన సిగ్గగు మాట యొకటి మా నోట వెడలినది. ఆ పిల్ల బదులు చెప్పక నీళ్లు తుడిచి వెడలిపోయెను.

నాలుగవనాడు తెల్లవాఱుజామున మా యత్తగారు మంచినీళ్లకై వచ్చి ఆ తడిలో జాఱి ముంజేతిపై పడిరి. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి, మధుమేహము కలదు. ఆసుపత్రిలో పటము తీసి యెముక విఱుగలేదని చెప్పువఱకు మా ప్రాణములు మాలో లేవు. సాయంకాలము పనికి వచ్చిన ఆ చిన్నది, అత్తగారి చేతికట్టును చూచి కన్నీరు పెట్టుకొని, మా వైపు తిరిగి మెల్లగా నిట్లనెను: "అమ్మగారూ, మొన్న ఏకాదశినాడు నేను పనిలోకి రాలేదు గదండీ. ఆ మర్నాడు పొద్దున గూడా నీళ్లున్నాయా, లేవా? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి."

ఉన్నవి. ఆనాడు మేమే తుడిచితిమి. తుడుచుచు ఆమెనే తిట్టుకొంటిమి.

మా వారు బడిపంతులు. ఆ రాత్రి భోజనమువేళ ఈ సంగతి విని, "బడిలో అద్దము పగిలినప్పుడు కిటికీ దగ్గఱ కూర్చున్న పిల్లవానిని కొట్టుట మిక్కిలి తేలిక. బంతి యెటునుండి వచ్చినదో చూచుటకే కొంచెము ఓపిక కావలెను" అనిరి. ఆ మాటతో మాకు కన్నులు తెఱపిడి పడినవి. నీళ్లు ఎవరు పోసిరని అడుగుట మాని, ఎటునుండి వచ్చినవని చూడ మొదలిడితిమి. అట్లు చూచి తెలిసికొనినదే ఈ నెల మా పేజీ.

నీరెక్కడిది?

ఫ్రిజ్జులో నీటికుళాయి లేదు. మఱి నీరెట్లు పుట్టును? ఎండకాలమున చల్లని నీళ్లు పోసిన ఇత్తడిచెంబు వెలుపల చెమర్చుట మీ రందఱును చూచియేయుందురు. ఆ చెమట చెంబులోని నీరు గాదు. గాలిలో కంటికి కానరాక కలసియున్న నీటియావిరి చల్లని యిత్తడిని తాకి బొట్టులుగా మాఱినది. మనము ఫ్రిజ్జు తలుపు తెఱచిన ప్రతిమారును వంటింటిగాలి లోనికి పోవును. అన్నము, పులుసు, తఱిగిన కూరలు సయితము ఆవిరి విడుచుచుండును. ఆ యావిరి లోపలి చల్లని గోడను, గొట్టములను తాకి చెమర్చును, లేదా మంచుపొడిగా పేరుకొనును. ఆ మంచు కరగునప్పుడు నీరగును.

కాబట్టి లోపల నీరు పుట్టుట రోగము గాదు. అది ఫ్రిజ్జునకు సహజము. ఆ నీరు పోవుటకు దారి నిర్మించియేయుందురు. లోపలి వెనుకగోడ అడుగున సన్నని కాలువ, కాలువ నడుమ చిన్న రంధ్రము, రంధ్రమునుండి వెలుపలికి గొట్టము, గొట్టము కడను వెనుకభాగమున కంప్రెసరుమీద ఒక చిన్న తొట్టి యుండును. దీనిని మెకానిక్కులు ట్రే యందురు. కంప్రెసరు నడచుచు వేడెక్కును గాన, ఆ వేడికి ట్రేలోని నీరు ఆవిరియై గాలిలో కలసిపోవును. గాలినుండి వచ్చిన నీరు గాలికే చేరుచున్నది. ఈ దారిలో ఏదో యొకచోట అడ్డము పడినప్పుడే అది మన నేలకు దిగును.

ఇక్కడ ఒక పాతమాట జ్ఞాపకము వచ్చుచున్నది. మంచుయంత్రములు రాకమునుపు 1833లో ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను నగరమునుండి కలకత్తాకు మంచుగడ్డలను రంపపుపొట్టులో కప్పి ఓడలో పంపెను. ఆ మంచు నిలువ చేయుటకు 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున కట్టినదే ఐస్ హౌసు. 1897లో వివేకానందస్వామి అందు బస చేయుటచే నేడది వివేకానందర్ ఇల్లముగా పేరొందినది. నెలల తరబడి సాగిన ఓడప్రయాణములో మంచు కొంత నీరైపోవక తప్పలేదు. చల్లదనమున్నచోట నీరు కూడ నుండును. ఆ నీటికి దారి చూపుటయే మన పని.

మొదట చేయవలసినది

నీరు కనబడగానే తుడుపుగుడ్డతో పరుగెత్తరాదు. నీరును కరెంటును కలసినచోట ప్రాణాపాయము కలదు. ముందుగా చేతులు పొడిగా తుడుచుకొని, కాళ్లకు రబ్బరు చెప్పులు తొడిగికొని, పొడినేలపై నిలిచి స్విచ్చి ఆపవలెను. పిమ్మట ప్లగ్గు తీయవలెను. ప్లగ్గుగాని, తీగగాని, స్టెబిలైజరుగాని నీటిలో తడిసియున్నచో వానిని తాకక ఇంటి మెయిను స్విచ్చి ఆపవలెను. ఫ్రిజ్జు తలుపు తాకినప్పుడు చేయి చుఱుక్కుమన్నచో అది నీటి సంగతి గాదు. ఎర్తు తీగ చెడినదని యెఱుగవలెను. అట్టిచో మఱి తాకక ఎలక్ట్రీషియనును పిలువవలెను. మూడుపుల్లల ప్లగ్గును రెండుపుల్లలదానిగా మార్చి వాడుట యెన్నడును పనికిరాదు. స్టెబిలైజరును నేలమీద నుంచుట మా యింట నున్న దురభ్యాసము. ఈ సంగతి జరిగిన తరువాత గోడకు మేకు కొట్టించి ఎత్తుగా నిలిపితిమి.

కాగితముల పరీక్ష

నేల బాగుగా తుడిచి ఆఱనిచ్చిన పిమ్మట ఫ్రిజ్జు ముందఱ, ఇరుప్రక్కల, వెనుక పాత వార్తాపత్రికలు పఱవుడు. రాత్రియంతయు అట్లే యుంచి, తెల్లవాఱి యే కాగితము ముందు తడిసినదో చూడుడు. ఇందుకు పైసా ఖర్చు లేదు. ముందఱి కాగితము తడిసినచో నీరు లోపలినుండి తలుపు క్రిందుగా కాఱుచున్నది. వెనుక కాగితము తడిసినచో ట్రే నిండి పొర్లుచున్నది, లేక పగిలినది, లేక గొట్టము ట్రేలో పడక తొలగిపోయినది. అన్ని కాగితములును పొడిగానుండి నేలమాత్రము తడిసినచో, గోడలోని నీటిగొట్టమునో, పైనున్న మంచినీళ్ల ఫిల్టరునో అనుమానింపవలెను. ఇంటి నీటిగొట్టముతో కలిపి చల్లనినీరును, మంచుబిళ్లలను ఇచ్చు పెద్ద ఫ్రిజ్జులున్నవారు ఆ సన్నగొట్టపు అతుకును చేతితో తడిమి చూడవలెను.

మా యింట ముందఱి కాగితము తడిసినది. కూరగాయల పెట్టెను వెలుపలికి లాగి చూడగా దాని యడుగున నీరు నిలిచియున్నది. పిల్ల చేసిన తప్పు గాదని అప్పుడు కన్నులారా కంటిమి.

రంధ్రము పూడుట

ముందఱికి వచ్చు నీటికి పెక్కుమారులు ఇదియే కారణము. మేము కూరలపెట్టెను తీసి, కాలువ నడుమనున్న రంధ్రమును దీపపు వెలుగున చూచితిమి. కొత్తిమీర కాడ యొకటి, కరివేపాకు రెబ్బయొకటి, వానిచుట్టు నల్లని జిగురు. ఆకుకూరను తడితో, కట్టగట్టి విడిగా పడవేసినది మేమే! ఆ పిల్లపై మోపిన నేరము మా చేతి కొత్తిమీరది.

శుద్ధిచేయు విధము చెప్పెదము. ప్లగ్గు తీసి పదార్థములను ప్రక్కకు మార్చుడు. రంధ్రములోని చెత్తను వ్రేళ్లతోను, మెత్తని ప్లాస్టిక్కు స్ట్రాతోను మెల్లగా తీయుడు. ఇనుపచువ్వ, కుట్టుసూది, జడపిన్ను దూర్చరాదు. గొట్టము చిల్లిపడిన మరల రాదు. పిమ్మట ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో చిన్నచెంచా వంటసోడా కలిపి, సూదిలేని సిరంజితో కొంచెము కొంచెముగా రంధ్రములోనికి వదలుడు. మసలుచున్న నీరు పోసినచో ప్లాస్టిక్కు పగులును. వెనుకనున్న ట్రేలో నీటిచప్పుడు వినవచ్చెనా, దారి తెఱచుకొనినదన్నమాట. మా యింట మూడవ సిరంజికి ఆ చప్పుడు వినబడినది. అత్తగారు మంచముమీదనుండియే, "పడ్డాయే అమ్మాయీ, నీళ్లు పడ్డాయి" అని కేకవేసిరి.

మంచుపేరని జాతి ఫ్రిజ్జులలో, అనగా ఫ్రాస్టు ఫ్రీ యనువానిలో, రంధ్రము పైయరలో పలుక వెనుక దాగియుండును. అందు చిన్న హీటరు కొన్ని గంటలకొకమారు తనంతట వేడెక్కి మంచును కరగించును. ఆ రంధ్రము మంచుతో పూడినచో పైయర అడుగున మంచుపలక కట్టును. నీటిబొట్టులు క్రిందియరలో పడుచుండును. మరమేకులు విప్పి పలుక లాగుట గృహిణుల పని గాదు. ప్లగ్గు తీసి, తలుపులు తెఱచి, క్రింద గుడ్డలు పఱచి ఒక రాత్రియంతయు విడిచినచో చాలమారులు మంచు కరగి దారి యేర్పడును. కొలది దినములకే మరల అట్లే యైనచో హీటరుగాని, దానిని నడపు భాగముగాని చెడియుండును. అప్పుడు మెకానిక్కు కావలెను. పిలిచినప్పుడు "నీరు కాఱుచున్నది" యని మాత్రము చెప్పక, ఏ కాగితము తడిసినది, మంచు ఎక్కడ కట్టినది, ఎన్ని దినములకొకమారు వచ్చుచున్నది వివరముగా చెప్పుడు. రోగి సరిగా చెప్పిన వైద్యునకు సగము పని తీరును.

బొత్తాము నొక్కి మంచు కరగించు ఒంటితలుపు ఫ్రిజ్జు గలవారు, మంచు వ్రేలెడు మందము పేరుకొనువఱకు ఊరకుండరాదు. అంత మంచు ఒక్కమారు కరగిన ఏ ట్రేయు పట్టజాలదు. కరెంటు ఎక్కువసేపు పోయిన దినములలో అట్టి యిండ్ల నేల తడియుటకు ఇదియే కారణము. వారమునకొకమారు బొత్తాము నొక్కినచో కొంచెము కొంచెముగా కరగి పోవును. తొందరపడి కత్తితో మంచు చెక్కుట మహాపరాధము. ఆ మంచు వెనుకనే గ్యాసు గొట్టములుండును. ఇప్పటి ఫ్రిజ్జులలో చాలవానియందు ఐసోబ్యూటేను అను మండు వాయువు వాడుచున్నారు. కత్తిమొన తగిలిన ఫ్రిజ్జు పోవుటయే గాక అగ్నిభయమును కలదు. ఎప్పుడైన బుస్సుమని శబ్దము వినబడినచో పొయ్యి ఆర్పి, ఏ స్విచ్చియు తాకక, కిటికీలు తెఱచి అందఱు వెలుపలికి పోవలెను.

ట్రే, అందలి దోమ

రంధ్రము బాగుపడిన పిమ్మట వెనుకనున్న ట్రేను కూడ చూడవలెనని తోచినది. ప్లగ్గు తీసియే యున్నది, కంప్రెసరు చల్లాఱినది. ట్రే పైకి తీసి వెలుగులో పట్టగా మా గుండె జల్లుమన్నది. అందులో మిగిలిన పాతనీటిలో దోమపిల్లలు మెలికలు తిరుగుచు ఈదులాడుచున్నవి. వాకిట తొట్టెలను, కొబ్బరిచిప్పలను బోర్లించి, వీధివారికి డెంగీ గుఱించి చెప్పుచున్న మా వంటింటిలోనే దోమలకు పురుడు పోయుచుంటిమి!

డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ దోమ మురుగుకాలువ కోరదు. ఇంటిలోని తేటనీటినే కోరును. గ్రుడ్డు మొదలు ఱెక్కలు వచ్చు వఱకు దానికి ఇంచుమించు ఎనిమిది పది దినములు చాలును. కావున వారమున కొకమారు ట్రే ఖాళీ చేసినచో దోమ పుట్టకయే పోవును. నీరు పాఱబోసినంతమాత్రమున చాలదు. గ్రుడ్లు తొట్టిగోడకు అంటుకొని, పొడిలోను నెలల తరబడి బ్రతికియుండును. పీచుతో గట్టిగా రుద్ది కడిగి, ఎండలో ఆఱవేసి మరల పెట్టవలెను. ఆ నీటిని కాలువలో పోయక పొడినేలమీద పోయుడు. ట్రే ఊడిరాని జాతి ఫ్రిజ్జైనచో స్పాంజితో నీటిని పీల్చి తుడువవలెను. వాననాళ్ల గాలియే తడిసియుండును గాన ట్రేలోని నీరు త్వరగా ఆవిరి కాదు. ఆ దినములలో నిండి పొర్లుట వింతగాదు. ఫ్రిజ్జు వెనుక గోడకు జానెడెడము విడిచినచో గాలియాడి కొంత మేలగును.

తలుపు, కాళ్లు, అంకె

రంధ్రమును ట్రేయును బాగుగానున్నను నీరు వచ్చుచున్నచో తలుపు రబ్బరును చూడవలెను. రబ్బరునకు తలుపునకు నడుమ ఒక పాత పోస్టుకార్డు నుంచి తలుపు మూసి లాగుడు. కొంచెము బిగిగా వచ్చినచో మేలు. జాఱి వచ్చినచో అచ్చట బయటిగాలి లోనికి దూఱుచున్నది. నాలుగువైపులను ఇట్లు చూడుడు. లేదా రాత్రి దీపములార్పి, వెలుగుచున్న టార్చిని లోపలనుంచి తలుపు మూసిన, సందులనుండి వెలుగు కనబడును. చాలమారులు రబ్బరు చెడియుండదు. మడతలలో పాలమీగడ, పులుసుచుక్కలు ఎండి గట్టిపడి అడ్డుపడుచుండును. సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో మడతమడతయు తుడిచి ఆఱనిండు. చిరిగినచో, గట్టిపడి పగిలినచో క్రొత్తది వేయించవలెను.

ఫ్రిజ్జు కాళ్లు త్రిప్పుటకు వీలుగానుండును. ముందఱి భాగము వెనుకదానికంటె కొంచెము ఎత్తుగా నుండవలెను. తలుపు సగము తెఱచి విడిచినచో తనంతట మెల్లగా మూసికొనవలెను, అదియే కొలత. ముందుకు వాలియున్న ఫ్రిజ్జులో తలుపు సందు పడును. లోపలి నీరు వెనుకనున్న రంధ్రమునకు పోక ముందఱికి పాఱును. పాత ఇండ్లలో నాపరాళ్ల నేల ఒకవైపు క్రుంగియుండుట కద్దు. అట్టివారు దీనిని తప్పక చూడవలెను.

లోపలి అంకె సంగతి. నడివేసవిలో ఎక్కువగా పెట్టిన అంకెను వానలు పడినను అట్లే యుంచుట అందఱి యిండ్ల అలవాటు. క్రిందియరలో 4 డిగ్రీల సెంటిగ్రేడు, పైయరలో సున్నకు దిగువ 18 డిగ్రీలు చాలును. అంతకంటె చల్లగా నున్న మంచు ఎక్కువ, నీరెక్కువ, కరెంటు ఖర్చును ఎక్కువ. పొయ్యిమీదనుండి దింపిన పులుసుగిన్నెను మూతలేక లోనుంచుట, ఏమి వండుదమాయని తలుపు తెఱచి నిలిచి యాలోచించుట, కడిగిన ఆకుకూరను తడియారక పెట్టుట, ఇవన్నియు నేలమీద నీరు పోయుటతో సమానమే. వండినది ఆఱబెట్టవలెనుగాని రెండుగంటలు మించి బయట నుంచరాదు. వెడల్పు గిన్నెలలో పోసినచో త్వరగా ఆఱును.

లోపలి వస్తువుల సంగతి

ఫ్రిజ్జును ఆపినప్పుడు పాలు, పెరుగు ఏమగునోయని దిగులు పుట్టును. తలుపు తెఱవక యుంచినచో కరెంటు లేకున్నను నాలుగుగంటలవఱకు చల్లదనము నిలుచును. తెఱచి శుద్ధిచేయునప్పుడు మాత్రము పాలను కాచి, మిగిలినవానిని మంచునీటి గిన్నెలో నిలిపితిమి. అయితే మాకు ముఖ్యమైనది అత్తగారి ఇన్సులిను. తెఱవని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల నడుమ నుంచవలెను. వేడి తగిలిన దానిబలము తగ్గును. గడ్డకట్టినది కరగినను పనికిరాదు, పాఱవేయవలసినదే. కావున దానిని పైయరలోగాని, చెమర్చు వెనుకగోడకు తగులునట్లుగాని ఎన్నడు నుంచరాదు. ఆనాడు మేము దానిని డబ్బాతో పొరుగింటివారి ఫ్రిజ్జులో దాచి, పని ముగియగానే తెచ్చుకొంటిమి. వాడుకలోనున్న సీసాను బయట ఎన్నిదినము లుంచవచ్చునో దాని పెట్టెలోని కాగితమును చూచి, వైద్యుని అడిగి తెలిసికొనుట మేలు. మందుసీసాలున్న ఇంట ఫ్రిజ్జు చెడుట వంటింటి సంగతి మాత్రమే గాదని మఱువకుడు.

వంతులు

మా గోడపంచాంగముపై ఇప్పు డిట్లు వ్రాసియున్నది. వారమునకొకమారు ట్రే రుద్ది కడుగుట. పదునైదు దినములకొకమారు కూరలపెట్టె తీసి కాలువను, రంధ్రమును చూచి ఒక సిరంజి గోరువెచ్చని నీరు వదలుట. నెలకొకమారు తలుపు రబ్బరు తుడుచుట. ఋతువు మాఱినప్పుడెల్ల అంకె మార్చుట. ఆకుకూరను ఆఱబెట్టి, పొడిగుడ్డలో చుట్టి, మూతడబ్బాలో పెట్టుట. వంటింట రాత్రియంతయు వెలుగు చిన్నదీపమొకటి అత్తగారి కొఱకు పెట్టించితిమి. దీనికంటె చౌకయైన వైద్యము మాకు తెలియదు.

ఇవన్నియు చేసి ఫ్రిజ్జు ముందఱ మరల పత్రికలు పఱచితిమి. మఱునాడు పొడి. ఆ మఱునాడును పొడి. ఏడవనాడు కాగితములు తీసివేసితిమి.

ఒక్క పని మిగిలినది. అది ఫ్రిజ్జును బాగుచేయుటకంటె కష్టముగానుండెను. సాయంకాలము ఆ చిన్నది వచ్చినప్పుడు కొత్తిమీరకాడను చూపి, "తప్పు మాదే, నిన్ను ఊరక అంటిమి" అని చెప్పితిమి. మా కుమారుడు ప్రక్కనే నిలిచి వినుచుండెను. వాని యెదుట చెప్పుటకు మనసు కొంచెము వెనుదీసినమాట నిజమే. అయినను తిట్టినప్పుడు వాడు విన్నాడు గదా! ఆ పిల్ల చెంగుతో నోరు మూసికొని నవ్వి, "పోనీండమ్మా, పెద్దమ్మగారి చెయ్యి బాగుపడింది, అంతే చాలు" అనినది. ఆ మాటకు సరియైన మాట మా దగ్గఱ లేకపోయినది. ఇప్పుడు ట్రే కడుగు దినమున ఆమె నీళ్లు పోయును, మేము రుద్దుదుము.

సోదరీమణులారా, ఇంటిలో ఏ వస్తువు చెడినను, ఏది కనబడకపోయినను, మన చూపు ముందుగా బదులు చెప్పలేని మనిషిమీద వ్రాలును. కోడలున్న యింట కోడలు, పిల్లలున్న యింట పిల్లలు, పనిమనిషి యున్న యింట పనిమనిషి. ఒక రాత్రి నాలుగు పాతకాగితములు పఱచి చూచుటకు ఎంతసేపు? ముందు చూచి పిమ్మట పలుకుదము. కాగితముల పరీక్ష చేసినవారు ఏ కాగితము తడిసినదో మాకు వ్రాయుడు.

వచ్చు నెల వాననాళ్లలో పప్పుదినుసులకు పురుగు పట్టకుండ కాపాడు విధమును గుఱించి వ్రాసెదము.